వికీపీడియాను క్లాసులో ఎలా వాడాలి: ఒక సోషల్ మాస్టారి పద్ధతి

రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్లలకి ‘మన జిల్లా’ అని ప్రాజెక్టు ఇచ్చాను. వారం తిరిగేసరికి టేబుల్ మీద నలభై నోటుపుస్తకాలు. మూడోది దిద్దుతుంటే ఒక చోట పెన్ను ఆగిపోయింది. ఎర్ర ఇంకుతో ‘చరిత్ర’ అని శీర్షిక, దాని పక్కనే చక్కటి దస్తూరీతో ‘మార్చు’ అని రాసి ఉంది. కింద పేరాలో రెండు వాక్యాలకో బ్రాకెట్టు, ఆ బ్రాకెట్లలో 3, 4, 5 అని అంకెలు. ‘ఈ అంకెలేమిట్రా?’ అని అడిగితే వాడు కాసేపు బుర్ర గోక్కుని, ‘అందులో అలాగే ఉంది సార్’ అన్నాడు.

కాపీ కొట్టినందుకు వాడి మీద కోపం రాలేదు. మేం గైడ్లలోంచి కొట్టిన బాపతే. నన్ను గుచ్చింది ఇంకొకటి. ఆ పేజీ మొత్తంలో చదువుకి అన్నిటికంటే పనికొచ్చేవి ఆ అంకెలూ, ఆ ‘మార్చు’ అనే మాటా. వాడు వాటిని ముగ్గులో చుక్కల్లా దించేశాడు. అంకె నొక్కితే ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుందని, ‘మార్చు’ నొక్కితే పేజీని మనమే దిద్దొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

అప్పట్నుంచి ‘వికీపీడియా చూడొద్దు’ అనడం మానేశాను. అన్నా చూస్తారు, కాకపోతే మనకి చెప్పరు. విశాఖలో మా బడిలో రెండేళ్లుగా నేను చేస్తున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. సోషల్ చెప్పేవాళ్లకి నేరుగా పనికొస్తుంది. తెలుగు, సైన్సు చెప్పేవాళ్లు ఉదాహరణలు మార్చుకుంటే చాలు.

ముందు మీరొక్కరే ఒక గంట కూర్చోండి

పిల్లల దగ్గరికి వెళ్లేలోపు మీకు బాగా తెలిసిన విషయం మీద ఒక పేజీ తెరిచి చదవండి. తెలిసిన విషయమైతే తప్పు వెంటనే కంటికి తగులుతుంది. మీ సొంత ఊరి పేజీ అయితే మరీ మంచిది. తెలుగు వికీపీడియాలో మన ఊళ్లలో చాలావాటికి పేజీలున్నాయి. వాటిలో సరుకు దాదాపు ఒకటే మాదిరిగా ఉంటుంది: 2011 జనాభా లెక్కల ప్రకారం ఇన్ని ఇళ్లు, ఇంతమంది జనం, ఇన్ని హెక్టార్లు, బ్యాంకు ఎంత దూరం, తాగునీరు ఎక్కణ్ణుంచి. జనగణన పట్టికలు తీసుకుని ఒకే అచ్చులో పోసిన పేజీలవి. అంకెల్ని తప్పుపట్టడానికి లేదు గానీ, అవి 2011 నాటివి. ఆ తర్వాత మీ ఊళ్లో బ్యాంకు తెరిచినా ఆ సంగతి పేజీ దాకా వెళ్లి ఉండకపోవచ్చు.

ఆ గంటలో మూడు చోట్లు చూసుకోండి. పేజీ అడుగున ‘మూలాలు’ అనే జాబితా ఉంటుంది. వాక్యాల పక్కనున్న అంకెలు అక్కడికే తీసుకెళ్తాయి. పేజీ పైన ‘చర్చ’ ఉంటుంది. ఆ పేజీ గురించి రాసేవాళ్లు తమలో తాము మాట్లాడుకునేది అక్కడ. ఆ వరసలోనే ‘చరిత్ర’ ఉంటుంది. పేజీ పుట్టిన రోజు నుంచి ఎవరు, ఎప్పుడు, ఏ ముక్క మార్చారో అంతా అందులో ఉంటుంది. ఈ మూడూ మీ చేతికి అలవాటైతే క్లాసులో తడుముకోరు.

స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు ‘ఎవడు పడితే వాడు రాసేదాన్ని పిల్లలకి చూపిస్తారా?’ అంటారు. నన్నూ అన్నారు. ఆ మాటలో నిజముంది. వికీపీడియా 2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైంది, తెలుగుది 2003 డిసెంబరులో. రెండింటిలోనూ, అచ్చుకి ముందు చూసే సంపాదకుడు లేడు. రాయగానే లోకానికి కనిపిస్తుంది. తర్వాత ఎవరో చూసి దిద్దుతారు, లేకపోతే దిద్దరు. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే పెద్ద అమెరికన్ పాత్రికేయుడి పేజీలో, కెనెడీ సోదరుల హత్యలతో ఆయనకి సంబంధం ఉన్నట్టు ఎవరో అబద్ధం రాస్తే అది నాలుగు నెలలపైనే అలాగే ఉండిపోయింది. అదే ఏడాది చివర్లో ‘నేచర్’ అనే సైన్సు పత్రిక 42 సైన్సు అంశాలు తీసుకుని, వికీపీడియా వ్యాసాల్నీ, పేరున్న ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం బ్రిటానికా వ్యాసాల్నీ నిపుణులతో దిద్దించింది. వికీపీడియాలో వ్యాసానికి సగటున నాలుగు తప్పులు, బ్రిటానికాలో మూడు తేలాయి. పెద్ద తప్పులు రెండింట్లోనూ చెరో నాలుగు. ఆ లెక్క సరికాదని బ్రిటానికా తర్వాత గట్టిగానే వాదించింది.

ఈ ‘నేచర్’ లెక్కని పట్టుకుని ‘చూశారా, వికీపీడియా మంచిదే’ అని మీరు మాత్రం వాదించకండి. అది ఇరవై ఏళ్ల కిందటి ఇంగ్లీషు సైన్సు వ్యాసాల సంగతి. తెలుగులో మీ మండలం పేజీ గురించి అది ఏమీ చెప్పదు. ఇంగ్లీషులో నలుగురూ చదివే పేజీలో ఎవడైనా పిచ్చిరాత రాస్తే నిమిషాల్లో చెరిపేస్తారు. తెలుగులో వ్యాసాలు లక్ష దాటాయి గానీ క్రమం తప్పకుండా కాపలా కాసేవాళ్లు కొద్దిమందే. సైటు మొత్తానికి కలిపి మంచి మార్కో చెడ్డ మార్కో వేయడం వల్ల లాభం లేదు. మనం మార్కులు వేయాల్సింది వాక్యానికి. తర్వాత రాసేదంతా ఆ పని పిల్లల చేత ఎలా చేయించాలన్నదే.

మొదటి పీరియడ్: కంప్యూటర్ ముట్టుకోవద్దు

ఒక చిన్న పేరా మీరే రాసి జిరాక్స్ తీయించండి. నేను వాడేది ఇది, కావాలంటే తీసుకోండి:

‘విశాఖపట్నం చాలా అందమైన నగరం. పూర్వం ఇక్కడ వైశాఖేశ్వరుడి గుడి ఉండేదని, అది సముద్రంలో కలిసిపోయిందని చెబుతారు. ఇక్కడి ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని 1926లో విశాఖలో స్థాపించారు. ప్రసిద్ధి చెందిన అరకులోయ ఈ జిల్లాలోనే ఉంది.’

ఇద్దరికో కాగితం, మూడు రంగు పెన్సిళ్లు. ఎక్కడో ఒక చోట చూసి తేల్చుకోగలిగిన వాక్యానికి ఆకుపచ్చ. ఎవరి అభిప్రాయం వాళ్లదయితే పసుపు. ‘ఎవరన్నారు?’ అని అడగాలనిపిస్తే ఎరుపు. పది నిమిషాలివ్వండి. గోల అవుతుంది, కానివ్వండి.

మొదటి వాక్యం పసుపని అందరూ ఒప్పుకోరు. ‘అందమైనదే కదా సార్’ అంటారు. మనూరి మీద మనకి ప్రేమ ఉండొచ్చు, కానీ విజ్ఞాన సర్వస్వంలో ఆ మాట ఉంటే పీకేయాలి. రెండో వాక్యం దగ్గర ఆగండి, ఇది బంగారం లాంటి వాక్యం. ‘చెబుతారు’ అనే క్రియ ఉంది చూశారా, దానికి కర్త లేడు. తెలుగు మాస్టారు పక్క క్లాసులో ఉంటే పిలవండి. ఎవరు చెబుతారు? ఏ శాసనంలో ఉంది? ఏ పుస్తకంలో ఉంది? ఐతిహ్యమైతే ఐతిహ్యం అనే రాయాలి, అప్పుడు దోషం లేదు. ‘అంటారు’, ‘ప్రతీతి’, ‘నమ్మకం’, ‘పలువురి అభిప్రాయం’ లాంటి మాటలు కనబడగానే ఎర్ర పెన్సిల్ తీయడం అలవాటైతే, ఏడాదంతా మీరు ఇంకేమీ చెప్పకపోయినా ఫర్వాలేదు.

మూడోది ఆకుపచ్చ. చూసుకోవచ్చు, సరిగ్గానే ఉంటుంది. నాలుగోది నేను కావాలని పెట్టిన ఉచ్చు. అందరూ ఆకుపచ్చ వేస్తారు. వేయాల్సిందే, తేల్చుకోగలిగిన వాక్యమే కనుక. తేల్చుకుంటే మాత్రం సగమే నిజం. విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలో. విశాఖలోని వాల్తేరుకి వచ్చింది 1930లో. సంవత్సరం సరైనది, ఊరు తప్పు. వాక్యంలో ఒక ముక్క నిజమైతే రెండో ముక్క కూడా నిజమేననుకుని మింగేస్తాం. పిల్లలే కాదు, నేనూ చాన్నాళ్లు అలాగే చెప్పాను.

ఐదోది చూస్తే వెనక బెంచీల్లోంచి నవ్వులు వస్తాయి. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. అరకు, బొర్రా గుహలు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అంటే ఆ వాక్యం 2022 ఏప్రిల్ 3 దాకా నిజం, మర్నాటి నుంచి తప్పు. అందుకని ప్రతి వాక్యం పక్కన ‘ఎప్పటి సంగతి?’ అని కూడా రాయించండి. పాత పాఠ్యపుస్తకం, పాత మ్యాపు, హోటల్ వాళ్ల కరపత్రం, దేనికైనా ఇదే ప్రశ్న.

కిందటేడు ఒకమ్మాయి కాగితం మొత్తం ఎర్రగా చేసి తెచ్చింది. ‘ఏటి సార్, అన్నీ అనుమానమేనా?’ అంది. కాదమ్మా, పోర్టు వాక్యాన్ని వదిలెయ్యి అన్నాను. ఈ ప్రమాదం నిజంగానే ఉంది. అనుమానించడం నేర్పితే పిల్లలు ఒక్కోసారి దేన్నీ నమ్మని స్థితికి పోతారు, అదొక గొప్పగా కూడా అనుకుంటారు. ఆకుపచ్చవి చూసుకుని ‘సరిపోయింది’ అని పెద్దగా టిక్కు పెట్టించడం మర్చిపోకండి.

రెండో పీరియడ్: అంకె నొక్కించండి

ఇప్పుడు ప్రొజెక్టరైనా, మీ ల్యాప్‌టాపైనా, చివరికి మీ ఫోనైనా పెట్టుకోండి. అల్లూరి సీతారామరాజు పేజీ తెరవండి. మన ప్రాంతం మనిషి, మన పాఠంలో ఉన్న మనిషి, పైగా పుట్టిన సంవత్సరం దగ్గరే తేడా ఉంది. 1897 జూలై 4 అని కొన్ని చోట్ల, 1898 అని కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఊరి విషయంలోనూ తికమక ఉంది. పుట్టింది పాండ్రంగిలో, మన పద్మనాభం మండలం. అది అమ్మమ్మగారి ఊరు. తండ్రి వైపు ఊరు భీమవరం దగ్గర మోగల్లు. సొంత ఊరినే పుట్టిన ఊరుగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

క్లాసుని నాలుగు జట్లు చేయండి. ఒక జట్టుకి పాఠ్యపుస్తకం, ఒక జట్టుకి తెలుగు పేజీ, ఒక జట్టుకి ఇంగ్లీషు పేజీ, ఇంకో జట్టుకి లైబ్రరీలో దొరికిన ఏదైనా జీవితచరిత్ర. ప్రతి జట్టూ రెండు ప్రశ్నలకి జవాబు రాయాలి: పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. తర్వాత అసలు ప్రశ్న: మీ పేజీకి ఆ సంగతి ఎవరు చెప్పారు? వికీపీడియా జట్లు వాక్యం చివరి అంకె నొక్కి కిందికి వెళ్లి, అక్కడ ఏముందో పెద్దగా చదవాలి. పుస్తకమైతే పేరు, పేజీ నంబరు. పత్రికైతే తేదీ. లింకైతే తెరిచి, ఆ వాక్యం నిజంగా అందులో ఉందో లేదో వేలితో చూపించాలి.

ఇక్కడే సరదా మొదలవుతుంది. ఒక్కోసారి లింకు తెరుచుకోదు. ఒక్కోసారి తెరుచుకుంటుంది గానీ అక్కడ వేరే సంగతి ఉంటుంది. కొన్ని వాక్యాల పక్కన అంకె ఉండాల్సిన చోట ‘ఆధారం చూపాలి’ అని ఉంటుంది. ఇలా ఎవరో చదివి, అనుమానపడి, జెండా పాతి వెళ్లారన్నమాట. మా పిల్లలు మొదట్లో ఆ జెండా చూసి ‘ఇది చెడ్డ పేజీ సార్’ అనేవారు. నేను మాత్రం దాన్ని పేజీకి మంచి మార్కుగానే చూస్తాను. ఏ అంకే, ఏ జెండా లేకుండా నున్నగా సాగిపోయే పేజీని చూస్తేనే నాకు టెన్షన్.

మూలాలన్నీ ఒక్క తీరు కాదని కూడా ఇక్కడే చెప్పేయండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగిందన్న మాటకి అప్పటి ప్రభుత్వ రికార్డులు చూసి రాసిన చరిత్ర పుస్తకం ఒక మూలం, సినిమా వార్తల సైటు ఇంకో మూలం. రెండింటికీ బ్రాకెట్టులో అంకె ఒకేలా ఉంటుంది. అంకె ఉంది కదా అని సంతోషించకూడదు.

ఇంకో మోసం ఉంది. వికీపీడియాలో ఎవరో సరదాకి ఒక మాట రాస్తారు. పత్రికలో హడావుడిగా రాసే విలేఖరి దాన్ని ఎత్తి వార్తలో పెడతాడు. కొన్నాళ్లకి ఇంకెవరో ఆ వార్తనే మూలంగా చూపించి వికీపీడియా వాక్యానికి అంకె తగిలిస్తారు. పాము తన తోక తను మింగినట్టు. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి, కోటి (coati) అనే జంతువుకి ‘బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్’ అని లేని పేరొకటి తగిలించాడు. పత్రికలు దాన్ని నిజమే అనుకుని వాడేశాయి, 2014 దాకా ఆ మాట పేజీలో బతికింది. పిల్లలకి ఈ కథ చెప్పండి, నవ్వుకుని గుర్తుపెట్టుకుంటారు. ఆ వెంటనే వాళ్లే అడుగుతారు: ‘మరి మూలం ముందు పుట్టిందా, పేజీలో వాక్యం ముందు పుట్టిందా?’ ఆ ప్రశ్నకి జవాబు ‘చరిత్ర’లో ఉంది.

‘చరిత్ర’, ‘చర్చ’

‘చరిత్ర’ నొక్కితే తేదీల వరస వస్తుంది. ప్రతి వరసలో రాసినవారి పేరు, ఎంత పెరిగిందో తరిగిందో అంకె. పెరిగితే ఆకుపచ్చ, తరిగితే ఎరుపు. ఈ లెక్క బైట్లలో ఉంటుంది. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. కనుక చిన్న పదం చేర్చినా అంకె పెద్దగా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఏ రెండు తేదీలైనా ఎంచుకుని పోల్చి చూడొచ్చు. తీసేసినదీ చేర్చినదీ పక్కపక్కనే రంగుల్లో కనబడతాయి. పాఠ్యపుస్తకం ఈ సౌకర్యం ఇవ్వదు. అందులో పోయినేడు ఏ వాక్యం తీసేశారో మనకి తెలియదు.

ఈ పనికి హుద్‌హుద్ తుపాను పేజీ బాగుంటుంది. 2014 అక్టోబరు 12న తీరం దాటింది మన ఊరి దగ్గరే. ఇలాంటి సంఘటనల పేజీల్లో ఆ వారం మార్పులు వరసగా ఉంటాయి, మృతుల సంఖ్య, నష్టం, గాలి వేగం వార్త వచ్చినప్పుడల్లా మారుతుంటాయి. పెద్ద సంఘటన జరిగిన రోజున వికీపీడియా చూసి అంకెలు రాసుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. (ఆ రోజు మాకు చూద్దామన్నా కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. మన ఊరి సంగతి మనకంటే ముందు లోకానికి తెలిసింది.)

‘చర్చ’ పేజీ తెలుగులో చాలా వ్యాసాలకి ఖాళీగానే ఉంటుంది. ఉన్నచోట చదివించండి. ఖాళీగా ఉందంటే వివాదం లేదని కాదు, పట్టించుకున్నవాళ్లు లేరని కావచ్చు.

రెండు పక్షాలున్న విషయం: బీచ్ రోడ్డు మీదికి వెళ్లండి

వీలైతే ఈ పాఠం బడిలో వద్దు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది, 1971 యుద్ధానికి గుర్తుగా ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మన తీరంలో మునిగిపోయింది. తన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపలే పేలుడు జరిగిందనో, అది పరిచిన మందుపాతరే దానికి తగిలిందనో పాకిస్తాన్ చెబుతుంది.

స్మారకం ముందు నిలబెట్టి వికీపీడియాలో ఘాజీ పేజీ తెరిచి, అది మునిగిపోయిన ఘట్టం ఒక్కటే చదివించండి. ‘ఫలానావారి ప్రకారం’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనండి. ఏ పక్షం వాక్యానికి ఏ మూలం ఇచ్చారో రాసుకోమనండి. రెండు వైపులా చెప్పడం అంటే దేశభక్తి తక్కువని కాదని ఒకరిద్దరికి నచ్చజెప్పాల్సి వస్తుంది. మాకు వచ్చింది. వికీపీడియా నియమం కూడా ఇదే, తను ఏ పక్షమూ తీసుకోకుండా ఎవరు ఏమన్నారో మూలంతో చెప్పడం. ఆ నియమం ఆ పేజీలో ఎంతవరకు నిలబడిందో పిల్లలే తేల్చనివ్వండి.

నెట్ లేని బడి అయితే

కివిక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంట్లో వైఫై మీద వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బడి కంప్యూటర్లో తెరవొచ్చు. అందులో ‘చరిత్ర’, ‘చర్చ’ ఉండవు, వ్యాసాలు మాత్రమే. కాబట్టి ఆ రెండింటికీ ముందే స్క్రీన్‌షాట్లు తీసి ప్రింట్లు పట్టుకెళ్లండి.

ప్రాజెక్టుకి షరతులు

మా బడిలో ఇప్పుడు గోడకి అంటించిన షరతులివి. వికీపీడియాతో మొదలుపెట్టొచ్చు, దానితో ముగించకూడదు. ప్రాజెక్టు చివర వికీపీడియా పేరు రాస్తే మార్కులు తగ్గవు, పెరగవు. ఆ పేజీ మూలాల్లోంచి కనీసం రెండు తెరిచి చదివి, వాటి పేర్లు రాస్తే మార్కులు. పేజీని చూసిన తేదీ తప్పనిసరిగా రాయాలి, రేపు మారొచ్చు కనుక. ఎక్కడైనా పేజీకీ మూలానికీ పొంతన లేదని పట్టుకుంటే ఐదు మార్కులు అదనం. ఈ ఆఖరి షరతు పెట్టాక పిల్లలు వేటగాళ్లయిపోయారు.

మూలంగా చూపే పుస్తకం కోసం ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి పంపుతాను. పై తరగతుల వాళ్లకి 1907లో ఫ్రాన్సిస్ అనే బ్రిటిష్ అధికారి తయారుచేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాల సర్కారు పుస్తకం) నెట్‌లో స్కాన్ కాపీగా దొరుకుతుందని చెబుతాను. ఇంగ్లీషు కాస్త బరువుగా ఉంటుంది. తెల్లదొరల చూపు కూడా ఉంటుంది, దానికీ ఎర్ర పెన్సిల్ పట్టుకోమంటాను.

ఇప్పుడు పిల్లలు వికీపీడియా కూడా తెరవట్లేదు, ఫోన్‌లో ఏఐని అడిగేస్తున్నారు. దానికీ అదే షరతు: ఎవరు చెప్పారు? మూలం అడగండి, ఇచ్చినదాన్ని తెరవండి. ఒక్కోసారి లేని పుస్తకానికి కూడా పేరు చెప్పేస్తుంది. వికీపీడియాలో తప్పు రాసినవాడు తేదీతో సహా దొరుకుతాడు. ఏఐ జవాబుకి ‘చరిత్ర’ లేదు.

రాయించడం: తొందరపడకండి

చదివించాక రాయించాలని మీకే అనిపిస్తుంది. మంచిదే, కానీ 2011లో పుణెలో ఏం జరిగిందో తెలుసుకుని దిగండి. అక్కడి కాలేజీ విద్యార్థుల చేత ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసాలు రాయించే కార్యక్రమం ఒకటి పెద్ద ఎత్తున పెట్టారు. చాలామంది పుస్తకాల్లోంచి, సైట్లలోంచి ఉన్నదున్నట్టు ఎక్కించేశారు. శుభ్రం చేయలేక వాలంటీర్లకి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి దాన్ని ఆపేశారు. మార్కుల కోసం రాయిస్తే అంతే అవుతుంది. అందుకే వికీపీడియాలో రాసినదానికి నేను మార్కులు వేయను.

తెలుగు వికీపీడియాలో ‘రచ్చబండ’ అనే పేజీ ఉంది. రాసేవాళ్లంతా కలిసి మాట్లాడుకునే చోటు. ఫలానా తరగతి పిల్లలతో ఫలానా ఊళ్ల పేజీలు దిద్దబోతున్నాం అని అక్కడ ముందే ఒక ముక్క రాయండి. ఎవరో ఒకరు సాయానికి వస్తారు. బడి పేరుతో ఖాతా తెరవకండి, ఒక ఖాతా ఒక మనిషిదే కావాలి. పిల్లలు సొంత ఖాతా తెరుస్తానంటే తల్లిదండ్రులకి తెలిసి తెరవాలి, అసలు పేరు, బడి పేరు, ఊరు బయటపడని పేరు పెట్టుకోవాలి. ఇంకో చిక్కు: ఒకే నెట్ కనెక్షన్ నుంచి రోజుకి ఆరు ఖాతాల కంటే ఎక్కువ తెరవనివ్వదు. ఇది తెలియక నేను నలభైమందిని ల్యాబ్‌లో కూర్చోబెట్టి పరువు పోగొట్టుకున్నాను. ఏడోవాడి దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు ఎనిమిదో తరగతికి ఖాతాలు లేవు. నా ఖాతాతో ప్రొజెక్టర్ మీద పేజీ తెరుస్తాను, పిల్లలు చెబుతారు, నేను టైపు చేస్తాను. ముందు ‘ప్రయోగశాల’లో రాస్తాం. అది చిత్తుకాగితం లాంటిది, ఎంత పాడుచేసినా ఫర్వాలేదు. మొదటి పని ఎప్పుడూ చిన్నదే: అచ్చుతప్పు దిద్దడం, పాత జిల్లా పేరు మార్చడం. జిల్లా పేరు మార్చేటప్పుడు కూడా మూలం పెట్టాలి. ‘అందరికీ తెలిసిందే కదా సార్’ అంటే ఊరుకోను. తర్వాత ఫొటో. పిల్లలు సెలవుల్లో తాతగారి ఊరెళ్తారు కదా, చెరువో, బడో, గుడి గోపురమో తామే స్వయంగా తీసిన ఫొటో తేవాలి. గూగుల్లోంచి తెచ్చింది పనికిరాదు. మనుషుల మొహాలు, ముఖ్యంగా పిల్లలవి, లేకుండా చూసుకోండి. ఊరి పేజీలో ఆ ఫొటో కనబడ్డ రోజు క్లాసులో చూడాలి మీరు.

రాసినదాన్ని ఎవరో తీసేస్తారు. ఇది తప్పక జరుగుతుంది, పిల్లల్ని ముందే సిద్ధం చేయండి. తీసేసినవాళ్లు కారణం ‘చరిత్ర’లో ఒక ముక్క రాస్తారు. అది చదివించండి. అర్థం కాకపోతే ‘చర్చ’లో మర్యాదగా అడగండి. మళ్లీ మళ్లీ అదే ఎక్కించడం మాత్రం వద్దు.

మా క్లాసులో తీసేయించుకున్నది పద్మనాభం వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి. తన ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో అమ్మమ్మ చెప్పిన కథ రాయించింది. మూలం ఏం పెట్టాలో తెలియక ఖాళీగా వదిలేశాం. అది తెలిసే ఎక్కించాను, తప్పు నాది. రెండో రోజుకి పోయింది, కారణం ‘ఆధారం లేదు’. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘మా అమ్మమ్మ అబద్ధం చెప్తాదా సార్?’ అంది. అబద్ధమని కాదు, వికీపీడియా ఇంకెక్కడో అచ్చయినదాన్నే తీసుకుంటుందని, మొట్టమొదట అచ్చువేసే చోటు అది కాదని చెప్పాను. తలూపింది గానీ సమాధానపడలేదు.

మర్నాడు మా గోడపత్రికలో ఆ కథకి చోటిచ్చాను. కథంతా రాసుకుని వచ్చి, ఆఖరి వాక్యం దగ్గర పెన్ను పట్టుకుని నిలబడింది. ‘ఇక్కడ బ్రాకెట్టులో అంకె వెయ్యాలా సార్?’

వెయ్యమన్నాను. బ్రాకెట్టులో 1 వేసి, కాగితం అడుగున చిన్న అక్షరాలతో రాసింది: ‘1. మా అమ్మమ్మ, వయసు 71, సంక్రాంతి సెలవుల్లో అరుగు మీద కూర్చుని చెప్పింది. ఆవిడకి వాళ్ల అత్తగారు చెప్పారట.’